నేల తాగిన వాసన

ఉచ్చకంపు గురించి నలుగురిలో మాట్లాడాలంటే మనకు మొహమాటం. అందుకే కాబోలు, దాని మీద మన ఇళ్ళలో చెలామణీ అయ్యే జ్ఞానం ఫినాయిలు సీసాతో మొదలై అగరుబత్తితో ముగుస్తుంది. పసిపిల్ల ఉన్న ఇల్లయినా, పెద్దాయన మంచాన పడ్డ ఇల్లయినా, కుక్కనో పిల్లినో సాకుతున్న ఇల్లయినా, అన్నిటికీ అదే మందు. తుడిచిన గంటసేపు బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు. ముసురు పట్టిన రోజున ఇక చెప్పనక్కర్లేదు.

సలహాలకేమో కొదవ లేదు. ఒకరు వెనిగర్ అంటారు, ఒకరు వంటసోడా అంటారు. బత్తాయి తొక్కల బయో ఎంజైమ్‌కు మించింది లేదని ఇంకొకరు, ఇంత బ్లీచింగ్ చల్లి కడిగిపారెయ్యమని మరొకరు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసినవే. ఎక్కడ పనిచేశాయో చూసుకోకుండా మన ఇంట్లో వాడటంతోనే చిక్కు. అమెరికాలో కార్పెట్ కోసం పుట్టిన చిట్కాను తాండూరు బండ మీద పోస్తే బండ మెరుపు పోతుంది, కంపు మాత్రం అలాగే ఉంటుంది. ఏ మందు మంచిదన్నది రెండో ప్రశ్న. నేల ఏ రకం, అది ఎంత లోతుకు తాగింది, పోసింది మనిషా జంతువా అన్నది ముందు తేలాలి. ఆ వరస తిరగబడినందువల్లే ఈ విషయంలో ఇంత డబ్బూ ఇంత రెక్కల కష్టమూ వృథా అవుతున్నాయని నా అభిప్రాయం.

అప్పుడే పడ్డ మూత్రానికి చెప్పుకోదగ్గ కంపు ఉండదు. నూటికి 95 వంతులు నీళ్ళే. మిగిలినదాంట్లో పెద్ద వాటా యూరియాది. మామూలు మనిషి రోజుకు 20 నుంచి 30 గ్రాముల యూరియా బయటికి పంపుతాడు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ ప్రయోగశాలలో తయారుచేసిందీ, పొలంలో చల్లడానికి బస్తాల్లో వచ్చేదీ ఈ పదార్థమే. దానికంటూ ఘాటు లేదు. నేల మీదా చర్మం మీదా బతికే బాక్టీరియాలు కొన్నిటిలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది యూరియాను విరిచి అమ్మోనియాను వదులుతుంది. 1926లో జేమ్స్ సమ్నర్ జాక్ బీన్ గింజల్లోంచి స్ఫటికాలుగా తీసింది ఈ ఎంజైమ్‌నే. ఎంజైములు ప్రొటీన్లన్న సంగతి దానితో తేలింది. అందుకుగాను 1946లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. రైతుకు ఈ శాస్త్రం పుస్తకం లేకుండానే తెలుసు. తడి నేల మీద పైపైన చల్లి మట్టి కప్పని యూరియా గాలికి పోతుందంటాడు. అలా పోయేది అమ్మోనియానే.

కాబట్టి మొదటి గంటకున్న విలువ తర్వాత ఏ సీసాకూ లేదు. లీటరు నీళ్ళలో కిలో యూరియా దాకా కరుగుతుంది. ఇంకా విరగని మూత్రాన్ని పొడిగుడ్డతో అద్ది తీసేసి, మంచినీళ్ళు పోసి, మళ్ళీ అద్దితే వాసనకు ముడిసరుకే మిగలదు. మనం చేసేది దీనికి తలకిందులు. కంపు వచ్చాక కడుగుతాం.

ఇక రెండో సంగతి. అమ్మోనియా పెరిగేకొద్దీ ఆ తడి క్షారమవుతుంది. మొదట పీహెచ్ 6 దగ్గర ఉన్నది 9 దాకా ఎగబాకుతుంది. అమ్మోనియా ఆమ్లంలో లవణంగా మారి నీటిలోనే కట్టుబడి ఉంటుంది, క్షారంలో విడిపోయి గాలిలోకి లేస్తుంది. ఇది పట్టుకుంటే సగం చిట్కాల బండారం బయటపడుతుంది. చాకలిసోడాతో కడిగితే కంపు రెట్టింపైందని వాపోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెప్పేది నిజం. అప్పటిదాకా కట్టుబడి ఉన్న అమ్మోనియాను సోడా విడిపించింది. వంటసోడా అంత ఘాటైన క్షారం కాదు గానీ, పులిసిన వాసనల మీద దానికున్న పట్టు అమ్మోనియా మీద లేదు. తడిని కాస్త పీల్చుకుంటుంది, అంతే.

అలాగని క్షారానికి పనే లేదనుకోవద్దు. మనుషుల మూత్రంలో యూరిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఇది మహా మొండిది. లీటరు చల్లటి నీళ్ళలో 60 మిల్లీగ్రాములు కరగడమే గొప్ప. ఆమ్లంలో అసలు కదలదు, క్షారంలోనే కరుగుతుంది. అంటే అమ్మోనియాకు పులుపు కావాలి, యూరిక్ ఆమ్లానికి సోడా కావాలి. ఒకే సీసా రెండూ ఎలా చేస్తుంది? తట్టుకోగల నేలైతే ముందు గోరువెచ్చని సబ్బునీళ్ళు, వాటిని పూర్తిగా ఎత్తేశాక పులుపు నీళ్ళు, చివర మంచినీళ్ళు. ఈ వరసలో చేయాలని ఏ ప్రకటనా చెప్పదు, ఎందుకంటే అందులో అమ్ముకోవడానికి ఏమీ లేదు.

బోరునీళ్ళ ఊళ్ళలో మరో తద్దినం ఉంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం మూత్రంలోని ఫాస్ఫేట్లతో కలిసి, క్షారం పెరిగినచోట గట్టి గారగా పేరుకుంటాయి. కమోడ్ అంచు కింద, బాత్‌రూమ్ జాలీ చుట్టూ పసుపుపచ్చగా కనిపించేది అదే. అది గరుకుగా ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ కంపును పట్టి ఉంచుతుంది. దీనికి ఆమ్లమే మందు. పింగాణీ మీద నిశ్చింతగా వాడుకోవచ్చు. అదే ఆమ్లం బయట హాల్లో బండల మీద పడితే కొంప మునుగుతుంది.

ఎందుకో తెలియాలంటే మన నేలల సంగతి చూడాలి.

మట్టి ఇంట్లో నేల అన్నిటినీ తాగేది. పేడతో అలికినప్పుడల్లా పై పొర కొత్తదయ్యేది. మట్టిలోని బాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేసేది. 17, 18 శతాబ్దాల్లో ఐరోపా కంపెనీలు బీహార్ నుంచి ఓడలకెత్తిన సురేకారం ఇలా మూత్రం ఇంకిన మట్టిలోంచి తీసిందే, తుపాకిమందు కోసం. ఈ మాట చెప్పగానే పాతకాలమే మేలని నిట్టూర్చేవాళ్ళున్నారు. పేడలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండవచ్చు. బొడ్డు మానని పసిగుడ్డు ఉన్న ఇంట్లో ఆ అలుకు ఎంతమందిని పొట్టనపెట్టుకుందో కూడా గుర్తుంచుకుంటే నిట్టూర్పు కాస్త తగ్గుతుంది.

తర్వాత బండలొచ్చాయి. షాబాదు, తాండూరు, బేతంచర్ల, కడప బండలు రంగులు వేరైనా జాతికి అన్నీ సున్నపురాళ్ళే. పాలరాయి కూడా రసాయనికంగా ఆ కుటుంబమే. మొజాయిక్‌లో పాలరాతి చిప్స్‌ను సిమెంటులో కూర్చుతారు కాబట్టి దాన్నీ ఇక్కడే కలపాలి. వీటన్నిటికీ ఆమ్లం శత్రువు. మీ ఇంటి బండ ఏదో తెలియకపోతే బీరువా వెనక మూలన ఒక నిమ్మరసం చుక్క వేసి వంగి చూడండి. చుక్క అంచున సన్నటి బుడగలు లేస్తే సున్నపురాయి. తుడిచాక వేలితో తడిమితే చుట్టుపక్కల నున్నగా, చుక్క పడినంత మేరా గరగరలాడుతూ తెలుస్తుంది. పాలిష్ చచ్చిపోయిందన్నమాట. వెనిగర్, నిమ్మ ఉప్పు, చింతపండు, బాత్‌రూమ్ యాసిడ్ ఏదైనా చేసేది ఇదే. పాలిష్ పోయిన బండ అంతకుముందుకన్నా ఎక్కువ తాగుతుంది. కంపు పోగొట్టబోయి మరింత కంపు పట్టే నేలను తయారుచేసుకున్నట్టు. గ్రానైట్ గట్టిది, ఇంట్లో వాడే పులుపుకు అంత తేలిగ్గా లొంగదు.

విట్రిఫైడ్ టైల్ వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దాని బరువులో అరశాతం కన్నా తక్కువ నీటినే పీలుస్తుంది కాబట్టి టైల్ తాగేది దాదాపు లేదు. తాగేదల్లా టైలుకూ టైలుకూ మధ్య సందు. అక్కడ నింపేది సాధారణంగా తెల్ల సిమెంటు. మంచం పక్కనో, కుక్క కాలెత్తే స్తంభం దగ్గరో మోకాళ్ళ మీద కూర్చుని ఆ సందును చూడండి. గది మధ్యలో తెల్లగా ఉన్న గీత అక్కడికొచ్చేసరికి తేనెరంగుకు, ఇంకా ముందుకెళితే గోధుమరంగుకు తిరుగుతుంది. గోరుతో గీకితే పొడి రాలుతుంది. ఆ పొడిని తడిపి వాసన చూస్తే ఇక అనుమానం ఉండదు. మేస్త్రీ టైల్ కింద మాలు సరిగ్గా పరచకపోతే అది డొల్లగా ఉంటుంది. సందులోంచి దిగిన మూత్రం ఆ డొల్లలో చేరి నిలుస్తుంది. పైన అద్దంలా తళతళలాడుతుంటే కంపు ఎక్కడి నుంచి వస్తోందో అర్థంకాక ఇంటివాళ్ళు తలపట్టుకునేది ఇలాంటి చోటే.

నేలతోపాటు పని కూడా మారింది. పాత ఇళ్ళలో నేల కడిగేవాళ్ళు. బిందెడు నీళ్ళు పోసి, చీపురుతో తోసి, గోడవారన ఉన్న తూములోంచి బయటికి పంపేవాళ్ళు. వాటం ఉండేది, నీళ్ళు పోయే దారి ఉండేది. అపార్ట్‌మెంట్ హాల్లో తూము లేదు, వాటం లేదు. కడగడం పోయి తుడవడం మిగిలింది. ఒకే బకెట్‌లో ముంచి తీసిన గుడ్డ మంచం కింది మురికిని పలుచన చేసి గదంతా పంచుతుంది, సందుల్లోకి ఇంకాస్త దింపుతుంది. ఇళ్ళలో కంపు ఎక్కువైందని అనుకునేవాళ్ళకు ఇది తట్టదు. మురికి నీరు బయటికి పోయే దారే మూసుకుపోయింది మరి. ఆ దారి లేనిచోట దానికి బదులు తడిని పీల్చే వాక్యూమ్ క్లీనర్. సందు మీద నీళ్ళు పోసి, నాననిచ్చి, దానితో లాగేస్తే ఏ ద్రావకమూ చేయలేని పని జరుగుతుంది. అది లేకపోతే రెండు బకెట్లు, బోలెడు పాత తువ్వాళ్ళు, కాస్త ఓపిక.

ఇప్పుడు సీసాల సంగతి. నల్ల ఫినాయిలు బొగ్గుతారు నుంచి వచ్చే ఫినాల్ జాతి పదార్థాలతో చేస్తారు, తెల్లది పైన్ చెట్ల నూనెతో. రెండూ క్రిముల్ని కొంత చంపుతాయి. సందులో పాతుకున్న అమ్మోనియాకు గానీ యూరిక్ ఆమ్లానికి గానీ అవి చేసేది ఏమీ లేదు. ముక్కును మాత్రం మరల్చగలవు. ఫినాయిలూ ఉచ్చా కలిసిన వాసన మన ఆసుపత్రి వరండాల గుర్తుగా స్థిరపడిపోయింది. పిల్లులున్న ఇంట్లో నల్ల ఫినాయిలు అసలు వద్దు. ఫినాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే చాలు, విషమవుతుంది.

బ్లీచింగ్ గురించి గట్టిగానే చెప్పాలి. మూత్రంలో అమ్మోనియా ఉంటుంది. క్లోరిన్ బ్లీచ్ దానితో కలిస్తే క్లోరమీన్ అనే వాయువులు పుడతాయి. కళ్ళు మండటం, దగ్గు, ఊపిరాడకపోవడం వాటి పనే. అదే బ్లీచ్ టాయిలెట్ యాసిడ్‌తో కలిస్తే నేరుగా క్లోరిన్ వాయువు. తలుపు వేసుకున్న చిన్న బాత్‌రూమ్‌లో ఈ రెండో కలయిక ప్రాణం మీదికి తెస్తుంది. సాధారణంగా ఆ తలుపు వెనక ఉండేది ఇంటి యజమాని కాదు, పనికొచ్చిన మనిషి. ఒక సీసా మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం అనీ ఇంకోదాని మీద సోడియం హైపోక్లోరైట్ అనీ ఉంటే ఆ రెంటినీ ఒకే పూట ఆమె చేతికివ్వకూడదు. రెండూ పోస్తే రెండింతలు శుభ్రమవుతుందనుకునే అమాయకత్వం చదువుకున్న ఇళ్ళలోనూ ఉంది.

బయో ఎంజైమ్ మన ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఉద్యమంలా సాగింది. ఒక వంతు బెల్లం, మూడు వంతులు నిమ్మ, బత్తాయి తొక్కలు, పది వంతుల నీళ్ళు, మూడు నెలలు మూతపెట్టి పులియబెట్టడం. చెత్తబుట్టకు పోయే తొక్కలకు ఇంతకన్నా మంచి ఉపయోగం ఏముంటుంది? కానీ ఆ పేరు చూసి మోసపోకూడదు. బెల్లం పులిస్తే వచ్చేది ప్రధానంగా పుల్లటి ఆమ్లాలే. ఉచ్చకంపు మీద అది పనిచేస్తోందంటే వెనిగర్ పనిచేసినట్టే పనిచేస్తోంది. టైల్ మీదా కమోడ్ మీదా భేషుగ్గా వాడుకోవచ్చు. షాబాదు బండ మీద వెనిగర్ ఎంత చెడుపో ఇదీ అంత చెడుపు, మన చేత్తో చేసుకున్నంత మాత్రాన రాయి దయచూపదు.

పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే ఎంజైమ్ ద్రావకాలు వేరు. వాటిలో మూత్రపు పదార్థాల్ని విరిచే ఎంజైములు, చాలావాటిలో వాటిని తయారుచేసే బాక్టీరియా కూడా ఉంటాయి. పాతకంపుకు, సున్నపురాయికి, కార్పెట్‌కు వీటిని మించినవి కనబడవు. అయినా సగం మంది వీటిని తిట్టుకుంటారు. కారణం వాడే తీరు. స్ప్రే కొట్టి ఐదు నిమిషాల్లో తుడిచేస్తారు. ఎంజైమ్ పనిచేయాలంటే తడి ఉండాలి, సమయం కావాలి. మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకూ ద్రావకం దిగేలా పోసి, మీద పాలిథిన్ కవరు పరిచి రాత్రంతా వదలాలి. అంతకుముందు అక్కడ ఫినాయిలో బ్లీచో పోసి ఉంటే ఆ బాక్టీరియాను మనమే చంపేస్తాం. కాబట్టి రెండుమూడు సార్లు ఉత్త నీళ్ళతో కడిగాకే దీని వంతు. మొదటిసారి పోసినప్పుడు వాసన పెరిగినట్టనిపిస్తే భయపడక్కర్లేదు, ఎండిన ఉప్పులు తడిసి లేస్తున్నాయంతే. ముసురు రోజుల్లో కంపు లేచేదీ ఇందుకే.

పిల్లి మూత్రానికి ప్రత్యేక పీట వేయాలి. దాన్ని గురించి ఇంటర్నెట్ నిండా తిరిగే కథ ఏమిటంటే, పిల్లి మూత్రంలో యూరిక్ ఆమ్లం స్ఫటికాలు ఉంటాయనీ అందుకే ఆ వాసన పోదనీ. ఈ మాట ద్రావకాల సీసాల మీద కూడా ఎక్కింది. నిజానికి పిల్లులు, కుక్కలు సహా చాలా క్షీరదాలు యూరిక్ ఆమ్లాన్ని అలంటోయిన్ అనే తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేసుకుంటాయి. అందుకు కావలసిన ఎంజైమ్ లేనిది మనిషికీ, తోకలేని కోతులకీ. కుక్కల్లో డాల్మేషియన్ వంటి కొన్ని జాతులు మాత్రం దారితప్పి ఎక్కువ యూరిక్ ఆమ్లాన్ని వదులుతాయి. మొండి యూరిక్ ఆమ్లం సమస్య పిల్లికన్నా తాతగారికే ఎక్కువన్నమాట.

మరి పిల్లి కంపు అంత ఘాటు ఎందుకు? ఫెలినైన్ అనే గంధకం ఉన్న అమైనో ఆమ్లం వల్ల. అది విరిగితే థయోల్ జాతి పదార్థాలు పుడతాయి. ఉల్లి కుళ్ళినా గ్యాస్ సిలిండర్ లీకైనా ముక్కును తాకేది ఆ గంధకపు కుటుంబమే. సంతాన నిరోధక ఆపరేషన్ చేయించని మగపిల్లిలో ఫెలినైన్ ఎక్కువ. అందుకే పశువైద్యుడి దగ్గర ఆపరేషన్ చేయించడం అనేది నేల శుభ్రతలో భాగమే. గంధకపు వాసనను విరగ్గొట్టాలంటే ఆక్సీకరణం కావాలి. 1993లో పాల్ క్రెబామ్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త స్కంక్ అనే జంతువు చిమ్మే థయోల్ కంపుకు ఒక మందు ప్రకటించాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటసోడా, కాస్త గిన్నెల సబ్బు. పిల్లి కంపుకూ ఆ తర్కమే వర్తిస్తుంది. మన మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం, సీసా మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది. సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. కలిపిన మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగిస్తే ఆక్సిజన్ ఊరి సీసా పేలుతుంది కాబట్టి అప్పటికప్పుడే కలిపి వాడేయాలి. రాతికి దీనివల్ల ఆమ్లమంత ముప్పు లేదు గానీ రంగు వెలిసే అవకాశం ఉంది. కనబడని మూల ముందు పరీక్షించుకోవాలి. చెక్క మీద మరీ జాగ్రత్త.

ఇంత చేసినా పోలేదంటే, చేసిన చోటు తప్పయి ఉండవచ్చు. ఏ వాసనకైనా ముక్కు కాసేపట్లో అలవాటుపడుతుంది. ఇంట్లోవాళ్ళకు తెలియని కంపు గుమ్మంలో అడుగుపెట్టిన చుట్టానికి తెలిసేది అందుకే. ఊరెళ్ళి తిరిగొచ్చినప్పుడు తలుపు తీసిన మొదటి నిమిషంలో ముక్కు చెప్పేది నమ్మాలి. 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చిలైటు ఆన్‌లైన్‌లో తేలిగ్గానే దొరుకుతోంది. రాత్రి దీపాలార్పి నేలకు దగ్గరగా పట్టుకుంటే ఎండిన మూత్రపు మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. బట్టల సబ్బు మరకలూ కొన్ని రాళ్ళూ కూడా మెరుస్తాయి కాబట్టి టార్చి చూపించిన చోటును ముక్కుతో ఖాయం చేసుకోవాలి. నేలే కాదు, గోడ కూడా చూడాలి. మగవాళ్ళు నిలబడి పోసినప్పుడు లేచే తుంపర్లు స్కర్టింగ్ మీద, తలుపు వెనక, కమోడ్ బోల్టుల చుట్టూ చేరతాయి. గోడకు పూసిన లప్పం బండకన్నా దాహం గలది.

ఒక్కోసారి అది ఉచ్చకంపే కాదు. చుట్టాల గదిలోని వాడని బాత్‌రూమ్ కంపు కొడుతోందంటే జాలీ కింది నహానీ ట్రాప్‌లో నీళ్ళు ఎండిపోయి ఉండవచ్చు. ఆ కాసిని నీళ్ళే డ్రైనేజీ గాలిని అడ్డుకునేది. కళ్ళు మండే ఘాటు లేకుండా కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంటే ముందు ఒక చెంబెడు నీళ్ళు జాలీలో పోసి చూడటం ఉత్తమం. ఖర్చు లేని వైద్యం.

పెద్దవాళ్ళున్న ఇళ్ళ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ సమస్య నేలది మాత్రమే కాదు. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా పడ్డ చుక్కల దారి చూస్తే ఆ మనిషి ఎంత ఇబ్బంది పడుతున్నాడో తెలుస్తుంది. లేచేలోపే పడిపోతోంది, అది ఎవరికీ తెలియకూడదని పంచెతోనో చీరచెంగుతోనో తుడిచేస్తారు. ఎవరేమంటారోనని నీళ్ళు తాగడం తగ్గిస్తారు. దాంతో మూత్రం చిక్కబడి ఘాటు ఇంకా పెరుగుతుంది, మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ రావడానికీ దారి దొరుకుతుంది. అప్పుడే పోసిన మూత్రమే అమ్మోనియా కంపు కొడుతుంటే నేల తుడిచే పని ఆపి డాక్టరును పిలవాలి. ప్రోటియస్ వంటి బాక్టీరియా యూరియాను మూత్రాశయంలోనే విరిచేస్తుంది. అది నేల జబ్బు కాదు, మనిషి జబ్బు.

మంచం పక్కన కమోడ్ కుర్చీ, మగవాళ్ళకైతే సీసా, పరుపు మీద రబ్బరు షీటు, మంచం చుట్టూ ఉతకడానికి వీలైన చాప లాంటిది ఏదైనా పరచడం, ఇవి ఏ ద్రావకంకన్నా ఎక్కువ కంపును ఆపుతాయి. బూరుగుదూది పరుపు ఒకసారి తాగిందంటే బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఎండలో వేస్తే ఆరుతుంది గానీ లోపలి ఉప్పులు అక్కడే ఉంటాయి. "గదిలోకి అడుగుపెట్టలేకపోతున్నాం నాన్నగారూ" అని కొడుకు అనేలోపే ఈ ఏర్పాట్లు జరిగిపోతే ఆ పెద్దాయన నీళ్ళు మానేయడు.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళకు వేరే బాధ. పసివాడికి డైపరు మాన్పించే రోజుల్లో కార్పెట్ మీద పడ్డది కింద నురుగు మెత్తలోకి, దానికింద ప్లైవుడ్‌లోకి దిగుతుంది. పైన గ్లాసెడు పడితే కింద పళ్ళెమంత పరుచుకుంటుంది. కార్పెట్ పైపైన షాంపూ పెట్టిస్తే తడి మళ్ళీ కింది ఉప్పుల్ని పైకి తెస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడేది చాలాసార్లు ఇక్కడే. అక్కడి మరమ్మతు పనివాళ్ళు చివరి అస్త్రంగా చేసేది, కార్పెట్ లేపి మెత్త పారేసి, ప్లైవుడ్‌ను ఎంజైమ్‌తో కడిగి బాగా ఆరాక షెల్లాక్ ప్రైమర్ పూయడం. షెల్లాక్ అంటే మన లక్కే. కంపును లోపలే పెట్టి సీలు వేయడంలో దానికి మంచి పేరుంది. హైదరాబాద్ ఫ్లాట్లలో ఇప్పుడు మోజుగా వేయించుకుంటున్న లామినేట్ చెక్క నేలకు ఇంత మర్యాద కూడా కుదరదు. అతుకుల్లోంచి దిగిన తడికి లోపలి చెక్కపొడి అట్ట ఉబ్బిపోతే ఆ పలక తీసి వేరేది వేయడమే.

బండల నేలకు, టైళ్ళకు చివరి వైద్యం మేస్త్రీ చేతిలో ఉంటుంది. ముందు సందుల్లోని పాత తెల్ల సిమెంటును గీకి తీయించాలి. ఆ గాడిలో ఎంజైమ్ ద్రావకం పోసి రాత్రంతా వదిలి, మర్నాడు నీళ్ళతో లాగేసి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉండగా సందు మూస్తే కంపును దాచిపెట్టినట్టే అవుతుంది. ఆరాక తెల్ల సిమెంటు బదులు ఎపాక్సీ గ్రౌట్ నింపిస్తే ఇక ఆ సందు తాగదు. ఖరీదు ఎక్కువే గానీ గదంతా అక్కర్లేదు, మంచం చుట్టూ రెండు మూడు వరసలు చాలు. టైళ్ళు పగలగొట్టాలని ఎవరైనా అంటే ముందు తాపీ పిడితో ఒక్కో టైల్ మీద కొట్టించి వినండి. గట్టిగా ఠక్‌మన్నదాన్ని వదిలేసి, డొల్లగా మోగినదాన్నే లేపించి కింది ఇసుక తీయించి కొత్త మాలు వేయిస్తే, చాలా ఇళ్ళలో పని అక్కడితో తేలిపోతుంది.